మత్తడి దూకే దారి

తెలంగాణ పల్లెలో వానాకాలం ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే ఒక్క మాట అడిగితే చాలు: "మీ చెరువు మత్తడి దుంకిందా?" కోస్తాలోనూ రాయలసీమలోనూ "అలుగు పారిందా?" అంటారు. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు కట్టను కోసుకోకుండా కిందికి దిగిపోవడానికి రాతితో కట్టిన దారి అది. మత్తడి దూకిన రోజు ఊరికి పండగ. ఆడవాళ్లు పసుపు కుంకుమలు చల్లి మొక్కుతారు. చేపలు నీటికి ఎదురెక్కుతాయి. ఊరంతా కట్ట మీదే ఉంటుంది.

దూకిన నీళ్లు ఎటు పోవాలో మన పెద్దలు కట్ట పోసేనాడే ఆలోచించారు. అవి కింది ఊరి చెరువుకు పోవాలి. అక్కడా నిండితే ఆ కింది ఊరికి. చివరికి వాగుకు, ఏటికి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. ఈ గొలుసు వరద వేగాన్ని తగ్గిస్తుంది, నీటిలోని మురికిని అడుక్కు దించి తేరుస్తుంది. ఈ రెండు పనులకూ ఇవాళ మనకు వేర్వేరు శాఖలున్నాయి, వేర్వేరు పద్దులున్నాయి. నీటికి ఆ విభజన తెలియదు. వరద నుంచి ఊరిని కాపాడటం, ఊరి తాగునీటిని కాపాడటం ఒకే పని అని చెప్పడానికే ఈ అధ్యాయం. అందుకు మూసీ నదిని మించిన సాక్షి లేదు.

ఒక్క తుపాను, 221 గండ్లు

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పారి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్ అంచున లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ వాగు వచ్చి చేరుతుంది. పెద్ద నది కాదు. ఒకప్పుడు ఏడాదిలో ఎక్కువ నెలలు సన్నగా పారేది.

1908 సెప్టెంబర్ 28న ఆ సన్నటి నదే నగరాన్ని ముంచింది. 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. సుమారు 19 వేల ఇళ్లు కూలాయి, 80 వేల మందికి నిలువ నీడ లేకుండా పోయింది. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ నీటిలో పోగొట్టుకున్నాడు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన మొదట చేసిన పని గోడలు కట్టించడం కాదు, లెక్క తీయడం. ఎక్కడ ఎన్ని అంగుళాలు కురిసింది, ఏ గంటకు నది ఎంత ఎత్తుకు లేచింది, ఎగువన ఏ చెరువు తెగింది అని ఊరూరా వివరం సేకరించారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు కురిసిందని తేలింది. మూసీ పరివాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు, అంటే ఇంచుమించు చదరపు మైలుకొక చెరువు. ఆ తుపానులో వాటిలో 221 తెగిపోయాయి.

ఈ 221 అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. చెరువు గొలుసు బాగున్నంత కాలం పై చెరువు కింది చెరువును కాపాడుతుంది. వచ్చిన నీటిని పట్టి, మత్తడి మీదుగా కొంచెం కొంచెం వదులుతుంది. కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. ఆ కట్ట వానకు తట్టుకునేలా కట్టినదే కానీ, పైచెరువు మొత్తం వచ్చి మీద పడితే నిలవడానికి కట్టినది కాదు. అదీ తెగుతుంది. అప్పుడు మూడో చెరువు మీద రెండు చెరువుల నీళ్లు. నగరం దగ్గరికి వచ్చేసరికి మూసీలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల (క్యూసెక్కుల) నీరు పారిందని లెక్క తేలింది. ఆ వేగంతో పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు నలభై నిమిషాలలోపే దాటిపోతుంది.

వాన లెక్క

వాన లెక్క చాలా సులువు, బడిపిల్లలు కూడా వేయగలరు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరు. ఈ ఒక్క సూత్రంతో మీ ఇంటి లెక్క వేయండి. 100 గజాల డాబా అంటే దాదాపు 84 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 8,400 లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నరకు మించి మీ ఒక్క డాబా మీద నుంచే వీధిలోకి దిగుతుంది.

అదే లెక్క మూసీకి వేద్దాం. 862 చదరపు మైళ్లంటే సుమారు 2,230 చదరపు కిలోమీటర్లు. అంతటా 10 సెంటీమీటర్లు పడితే దాదాపు 8 టీఎంసీలు. పడినదంతా నదికి రాదు. దున్నిన చెలక ముందు తన దాహం తీర్చుకుంటుంది. అడవి ఆకుల మీద, దుబ్బు మీద కొంత నిలుపుకుంటుంది. గడ్డి నీటి నడకను నెమ్మదింపజేస్తుంది. అదే చెలక వెంచరు అయి, సిమెంటు రోడ్లు పడితే ఇంకేది దాదాపు ఉండదు, నిలిచేదీ ఉండదు. వాన పెరగకపోయినా వరద పెరుగుతుంది. పైగా త్వరగా వస్తుంది. ఇదివరకు సాయంత్రం పడ్డ వాన తెల్లవారేసరికి వాగుకు చేరేది. ఇప్పుడు గంటలో చేరుతుంది. మొత్తం నీరు అంతే అయినా, పది గంటల్లో పారాల్సింది గంటలో పారితే నాలా పొంగుతుంది. వరద ఎంత ప్రమాదమో నీటి మొత్తం ఒక్కటే చెప్పదు, అది దిగడానికి పట్టిన సమయం కూడా చెబుతుంది.

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో జరిగింది ఇదే. ఘట్‌కేసర్ దగ్గర 30 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. పాతనగరానికి ఆనుకుని ఉన్న పల్లె చెరువుకు గండి పడింది. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. గొలుసు తెగితే ఏమవుతుందో 112 ఏళ్ల తరవాత ఆ కింది బస్తీలు మళ్లీ చూశాయి.

వరదను పట్టే కుండ, దాహం తీర్చే కుండ

విశ్వేశ్వరయ్య చెప్పిన విరుగుడు ఇది: నగరం ఒడ్డున గోడలు ఎంత ఎత్తు లేపినా లాభం లేదు, వరదను నగరానికి ఎగువనే పట్టాలి. ఆ ఆలోచన మీదే మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి ఇంజనీర్లు ఆ పనిని ముందుకు నడిపారు. నగరానికి భూగర్భ మురుగు కాలువల పథకం కూడా విశ్వేశ్వరయ్య సలహాల్లో భాగమే. వరదను ఆపడం, మురుగును నది నుంచి వేరు చేయడం ఆయన దృష్టిలో రెండు పనులు కావు.

వరదను పట్టడానికి తలపెట్టిన ఆ రెండు జలాశయాలే నగరానికి తాగునీరయ్యాయి. గండిపేట (ఉస్మాన్‌సాగర్) నీళ్లంటే ఇప్పటికీ ముసలివాళ్ల నోట మెచ్చుకోలు మాట వస్తుంది. ఆ నీరు మోటారు అవసరం లేకుండా వాలు వెంట ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి వచ్చేది. ఇప్పుడు కృష్ణ నుంచి, గోదావరి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, ఎత్తిపోతల మీద నీళ్లు తెచ్చుకుంటున్నాం. పెరిగిన నగరానికి అది తప్పనిసరే. అయినా దగ్గరున్న మంచినీటిని పాడు చేసుకుని దూరపు నీటికి కరెంటు బిల్లు కట్టడం తెలివైన పని కాదు.

ఒకే కుండతో రెండు పనులు చేయించుకోవడంలో ఒక చిక్కుంది. దాహం కోసం అది నిండుగా ఉండాలి, వరద కోసం ఖాళీగా ఉండాలి. ఉస్మాన్‌సాగర్ నిండితే 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్ నిండితే దాదాపు 3 టీఎంసీలు. రెండూ కలిపినా 1908 నాటి ఉద్ధృతిని నాలుగున్నర గంటలకు మించి పట్టలేవు. అందుకే పైన వాన మొదలవగానే లెక్క కట్టి, ముందుగానే కొద్దికొద్దిగా గేట్లెత్తి జాగా చేసుకోవాలి. గేటు ఎత్తే ముందు కింద మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ బస్తీలకు కబురు చేరాలి. కిందికి వదిలిన నీటికి నదిలో చోటుండాలి. గేటు దగ్గర ఇంజనీరు ఎంత సమర్థుడైనా, నది కడుపులో ఇళ్లుంటే ఆయన చేతులు కట్టేసినట్టే.

ఎగువ ప్రాంతం శుభ్రంగా ఉండాలని 1996 మార్చిలో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. రెండు జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు కూడదని దాని సారాంశం. హిమాయత్‌సాగర్ దగ్గర నూనెకు సంబంధించిన ఒక కర్మాగారం పెట్టడంపై తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999, 2000 సంవత్సరాల్లో జస్టిస్ ఎం. జగన్నాథరావు ఉన్న ధర్మాసనం నీటి పక్షాన నిలిచింది. హాని జరుగుతుందని జనం రుజువు చేయనక్కర లేదు, హాని జరగదని రుజువు చేయాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవాళ్లదే అన్నది ఆ తీర్పుల్లో ప్రాణమైన సూత్రం. 2022లో మరో ఉత్తర్వు ఆ గ్రామాల్లో ఆంక్షలను షరతులతో సడలించింది. ఆంక్షల వల్ల రైతులకు భూమి ధర రాలేదన్నది నిజమైన బాధే. ఆ బాధకు పరిహారం ఇవ్వాలి గానీ, చెరువుకు నీరిచ్చే నేలను సిమెంటు చేయడం పరిహారం కాదు.

చెరువు నీటిని ఎలా కడుగుతుంది?

వరద నీటిని ఒక గాజు సీసాలో పట్టి కదపకుండా పెట్టండి. సన్న ఇసుక మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఒండ్రు రేణువుకు మూడు నాలుగు గంటలు. మరీ సన్నని బంకమట్టి రేణువుకు రెండు వారాలు. ఏటిలో నీరు పరిగెత్తుతుంది గనుక ఏదీ దిగదు. చెరువులో నీరు ఆగుతుంది. ఆ ఆగడమే మొదటి శుద్ధి. మట్టి రేణువులకు అంటుకుని వచ్చే భాస్వరం, పురుగుమందు, సూక్ష్మజీవులు మట్టితోపాటే అడుక్కు పోతాయి. పైన ఎండ తగిలి కొన్ని క్రిములు చస్తాయి. అంచుల్లో పెరిగే తుంగ, జమ్ము వేళ్ల మీద బ్యాక్టీరియా కాపురముండి మురుగును తిని బతుకుతాయి. పూడిక తీసి పొలాలకు తోలుకునే మన అలవాటులో ఎంత విజ్ఞానముందో చూడండి: చెరువుకు లోతు, పొలానికి ఎరువు.

ఈ శుద్ధి ఎంత పని చేస్తుందో నగరం కింద మూసీయే చూపించింది. హైదరాబాద్ దాటాక మూసీ మీద కత్వాలు వరసగా ఉన్నాయి. రైతుల పొలాలకు నీరు మళ్లించడానికి కట్టిన చిన్న ఆనకట్టలివి. నగరం నుంచి సుమారు 40 కిలోమీటర్లు కిందికి వెళ్లేసరికి నీటిలో మలసంబంధ బ్యాక్టీరియా, పేగు పురుగుల గుడ్లు బాగా తగ్గాయని పరిశోధకులు కొలిచి చెప్పారు. కత్వాల వెనక నీరు ఆగి తేరుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. కానీ నీటిలో కరిగిన ఉప్పు తగ్గలేదు.

ఆ చివరి మాట మరవకూడదు. చెరువు మట్టిని దించగలదు, మురుగును కొంత తినగలదు. కరిగిన లవణాలను, మందుల అవశేషాలను ఏం చేయలేదు. మందుల కర్మాగారాలకు పేరుపడ్డ పటాన్‌చెరులో, శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ప్రకటించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన గాఢత అది. అలాంటి నీటిలో పెరిగే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. అటువంటి విషాన్ని పుట్టిన చోటే ఆపాలి. చెరువుకు అప్పగించకూడదు. ఇక మితిమీరిన మురుగు చెరువులోకి వస్తే గుర్రపుడెక్క నీటి ముఖాన్ని కప్పేస్తుంది. కింద ప్రాణవాయువు అయిపోయి చేపలు తేలతాయి. ఆ గుర్రపుడెక్కే వరద నాడు కొట్టుకొచ్చి తూములకు, వంతెన ఖానాలకు అడ్డం పడుతుంది. కాలుష్యం వరదగా మారేది ఇలాగే.

వరద కుళాయిలోకి ఎలా వస్తుంది?

వరద కాలుష్యంగా మారే దారి ఇంటి కుళాయిలోనే ఉంది. మన ఊళ్లలో నీళ్లు రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వస్తాయి. నీరు నిండి ఒత్తిడితో పారుతున్నంతసేపు పైపు చీలిక నుంచి నీళ్లు బయటికే పోతాయి, బయటి మురికి లోపలికి రాలేదు. సరఫరా ఆపగానే పైపు ఖాళీ. అప్పుడు అదే చీలిక చుట్టూ ఉన్న నీటిని లోపలికి పీలుస్తుంది. మామూలు రోజుల్లో చుట్టూ తడిమట్టి. వరద రోజుల్లో పైపు మొత్తం మురుగులో మునిగి ఉంటుంది. వరద తీశాక కలరా కొద్ది రోజులకే, టైఫాయిడ్, కామెర్లు కొన్ని వారాలకు తలెత్తడం వెనక ఈ చీలికలున్నాయి.

విరుగుడు క్లోరిన్. కానీ దానికీ ఒక స్వభావం ఉంది. నీటిలో బురద, కుళ్లిన పదార్థం ఉంటే క్లోరిన్ ముందు వాటితోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా రాదు. అందుకే ముందు తేర్చాలి. బంకమట్టి రేణువులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది గనుక ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటిక ఆ ఆవేశాన్ని పోగొట్టి వాటిని గుంపు కడుతుంది. గుంపు బరువెక్కి దిగుతుంది. మన నాయనమ్మలు కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసింది కూడా ఇదే పనికి.

తేరిన బావి నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. మూడు మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో నాలుగు మీటర్ల నీరుంటే సుమారు 28 వేల లీటర్లు, అంటే 70 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కు దిగాక, పై తేటను మాత్రం బావిలో పోయాలి. అరగంట ఆగాలి. ఆ తరవాత పరీక్ష చేస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మిగలకపోతే నీటిలో మురికి ఇంకా ఉందని అర్థం, మళ్లీ వేయాలి. మూత తీసి పెట్టిన బ్లీచింగ్ పౌడర్ బలం కోల్పోతుంది. అది ఉట్టి సున్నం చల్లినట్టే.

గంటల లెక్క

భద్రాచలంలో గోదావరికి మూడు గీతలున్నాయి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నది 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అయినా పైనుంచి నీరు వస్తున్న సంగతి ముందే తెలుస్తుంది గనుక ఊళ్లను ఖాళీ చేయించడానికి వ్యవధి దొరుకుతుంది. అక్కడి పిల్లలకు కూడా ఏ అడుగుకు ఏ వీధి మునుగుతుందో తెలుసు. ఆ తెలివిడి ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది.

విజయవాడకు బుడమేరు అంత వ్యవధి ఇవ్వదు. ఆ వాగు సహజంగా కొల్లేరుకు పోవాలి. వెలగలేరు దగ్గర నుంచి దాని వరదను మళ్లింపు కాలువ ద్వారా కృష్ణకు పంపుతారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగింది, కాలువకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు ఎత్తున పారుతోంది. పెద్ద నది నిండుగా ఉంటే చిన్న కాలువ అందులో దిగలేదు. సింగ్‌నగర్ వంటి కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. చుట్టూ నీళ్లు, తాగడానికి గుక్కెడు లేవు.

భద్రాచలం గీతల వంటివి ప్రతి నాలాకూ, ప్రతి చెరువుకూ కావాలి. కట్టకు, మత్తడికి, వంతెన ఖానాకు రంగు గీతలు వేయించండి. మునుపటి వరద ఏ గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తు పెట్టండి. సంపు మూత, బోరు కేసింగు ఆ గుర్తుకు పైన ఉండేలా కట్టుకోండి. మంచాన ఉన్నవాళ్లు, నిండు గర్భిణులు, ఒంటరి ముసలివాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో వీధికి ఇద్దరికైనా తెలిసుండాలి. ఇంటికి రెండు రోజుల తాగునీరు, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎత్తయిన చోట దాచాలి. నీరు తీశాక సంపును పూర్తిగా తోడి, కడిగి, బ్లీచింగ్ కలిపిన నీటితో రుద్ది, ఆ తరవాతే నింపాలి. కుళాయి నుంచి మొదట వచ్చే నీటిని పోనివ్వాలి. అనుమానం ఉన్నన్నాళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చి తాగాలి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సినది వాన పడని నెలల్లో ఉంది. ఒకప్పుడు చెరువుకు నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలో, కట్టలో ఎక్కడ ఎలుక బొరియ పడిందో, మత్తడి కాలువలో ఏ చెట్టు అడ్డం పడిందో చూడటమే అతని పని. ఆ మనిషి పోయాడు, ఆ పని పోలేదు. ఈ వేసవిలో ఒక ఆదివారం మీ చెరువు కట్ట ఎక్కండి. మత్తడి ఎక్కడుందో వెతకండి. దాని కింద కాలువ పట్టుకుని తరవాతి చెరువు దాకా నడవండి. దారిలో ఎక్కడ గోడ అడ్డొచ్చిందో, ఎక్కడ మురుగు గొట్టం కలిసిందో రాసుకోండి. ఆ కాగితాన్ని పంచాయతీకి గానీ, మున్సిపాలిటీకి గానీ రాతపూర్వకంగా ఇచ్చి, పని జరిగేదాకా అడుగుతూ ఉండండి. మత్తడి దూకిన నీటికి దారి ఉన్న ఊళ్లోనే కుళాయి నీటికి నమ్మకం ఉంటుంది.